పాత కంప్యూటర్లో మన మాటల గాదె

మాండలికం గురించి మనం కూర్చుంటే మాటల మీదే మాట్లాడుకుంటాం. ఈ మాటను ఏ ఊర్లో ఎట్లా పలుకుతారు, ఇది కన్నడం నుంచి వచ్చిందా అరవం నుంచి వచ్చిందా, కోస్తాలో దీన్ని ఏమంటారు, ఇదే మన యవ్వారం. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఫోన్లో రికార్డు చేసుకుంటాం కూడా. చేసిన రికార్డింగు ఇప్పుడు యాడ ఉండాది, ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరికి దొరుకుతుంది అనేదాని మీద మాత్రం మనకు ధ్యాస తక్కువ. మూలన పడివున్న పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ని ఇంట్లో అందరికీ అందుబాటులో ఉండే నిల్వ సర్వరుగా మార్చుకుంటే ఆ పని చాలావరకు తీరుతుంది. రెండేళ్ళుగా మా ఇంట్లో నడుస్తున్న పద్ధతి చెబుతాను. కంప్యూటరు పని పెద్దగా తెలియనివాళ్ళు కూడా చేసుకోగలిగినదే.

మన ఇళ్ళలో ఉన్నవే మూలప్రతులు

మాది హోసూరు పక్క పల్లె. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మా ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అప్పుడు సేలం జిల్లా, 1965 నుంచి ధర్మపురి జిల్లా, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. జిల్లా పేర్లు ఎన్ని మారినా ఇంట్లో మాట తెలుగే. చదువు అరవంలో, ఉద్యోగం బెంగుళూరులో అయినాక మా తాత తరం నోట్లో ఉన్న మాటలు మా పిల్లల దాకా రాలేదు.

కపిల సంగతే చూడండి. ఎద్దుల్ని కట్టి బావిలోంచి నీళ్ళు తోడే ఏర్పాటు అది. కోస్తావాళ్ళు మోట అంటారు, మా పక్క కపిల, కన్నడంలో కపిలె, అరవంలో కవలై. కరెంటు మోటర్లు వచ్చినాక కపిల పోయింది. దాని తొండానికి, మోకుకు, గిలకకు, ఎద్దులు ముందుకీ వెనక్కీ నడిచే బాటకు ఉన్న పేర్లూ, ఎద్దుల్ని అదిలించే కూతలూ ఇప్పుడు పోతా ఉండాయి. స్వయంగా కపిల తోలి, ఆ పేర్లు తడుముకోకుండా చెప్పగలిగినవాళ్ళు మా ఊర్లో ఇద్దరే మిగిలినారు. ఇద్దరికీ ఎనభై దాటింది.

మన మాట మీద అచ్చులో ఉన్న పని తక్కువ. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. అంతటి పని మళ్ళీ జరగడం కష్టం. అయితే అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో తిరిగి చేసిన సేకరణ. హోసూరు, కోలారు, పర్లాకిమిడి, షోలాపూరు దాని హద్దుకు బయట ఉండిపోయినాయి. అంతకు ముందు గ్రియర్సన్ భాషా సర్వే నాలుగో సంపుటం 1906లో వచ్చింది. అందులో కామాఠీ, వడరి, దాసరి లాంటి మాటతీరుల వివరాలు ఉన్నాయి. కానీ ఆ సర్వే మద్రాసు రాజధానినీ మైసూరునూ వదిలేసింది. అంటే మనలో చాలా ఊర్లకు పుస్తకం లేదు. మన ఫోన్లలో ఉన్న రికార్డింగులే మూలప్రతులు. అవి పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి వేరే చోటు లేదు.

మా ఇంట్లో లెక్క తీస్తే రికార్డింగులు మూడు ఫోన్లలో, ఒక లాప్‌టాప్‌లో, రెండు పెన్‌డ్రైవుల్లో, ఒక వాట్సాప్ గ్రూపులో చెదిరివున్నాయి. మా మేనత్త రాగులు విసురుతా పాడిన పాట ఒకే ఒక ఫోన్లో ఉండింది. ఆ ఫోను రిపేరుకు పోయి ఖాళీగా తిరిగొచ్చింది. అప్పటికి మా మేనత్త పోయి నాలుగు నెలలైంది.

వాట్సాప్‌లో ఉంది కదా అంటే

చాలామంది అనే మాట ఇది. వాట్సాప్ వాయిస్ మెసేజి మాట అర్థం కావడానికి చాలు, మాండలికం పనికి చాలదు. డేటా తక్కువ ఖర్చు కావాలని అది శబ్దాన్ని బాగా పిండి చిన్నది చేస్తుంది. ఆ పిండడంలో ముందుగా పోయేది సన్నటి గీర ఉండే పై స్థాయి ధ్వని. స, శ, చ, ౘ లాంటి అక్షరాల తేడా చాలావరకు ఆ గీరలోనే ఉంటుంది. ఒక అవ్వ ‘చాలు’ అన్నప్పుడు దంతాల దగ్గర పలికే ౘ పలికిందా, మామూలు చ పలికిందా అని తర్వాత ఎవరైనా తేల్చాలంటే అసలు రికార్డింగే కావాలి. అందుకే రికార్డు చేసేటప్పుడు ఫోన్లోని రికార్డర్ యాప్‌లో వేవ్ ఫార్మాటు ఎంచుకోండి. వాట్సాప్‌లోనే పంపాల్సి వస్తే ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టు పోతుంది.

ఎంత చోటు కావాల

ధ్వని నిల్వలు చూసేవాళ్ళు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఉండాలంటారు. ఒకే మైకుతో, అంటే మోనోలో, ఆ లెక్కన గంట రికార్డింగుకు సుమారు 518 ఎంబీ అవుతుంది. వంద గంటలకు 52 జీబీ. ఒక టీబీ డిస్కులో 1,900 గంటలకు పైగా పడుతుంది. ఒక ఊరి పెద్దవాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడించినా అది నిండదు. ఫ్లాక్ అనే ఫార్మాటులోకి మారిస్తే నాణ్యత ఏమాత్రం తగ్గకుండా చోటు ఇంకా తగ్గుతుంది. ఎంపీ3 మాత్రం వినడానికి ఇచ్చే నకలుకే వాడండి, మూలప్రతికి వద్దు. కాబట్టి మనకు పెద్ద యంత్రం అక్కర్లేదు. నమ్మకంగా పనిచేసేది ఉంటే చాలు.

ఎటువంటి కంప్యూటరు పనికొస్తుంది

పది పన్నెండేళ్ళ నాటిదైనా 64 బిట్ ప్రాసెసరు ఉంటే సరిపోతుంది. ర్యామ్ 2 జీబీ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే హాయి. కొత్త విండోస్ ఎక్కదని పక్కన పెట్టిన కంప్యూటర్లు చాలావరకు ఈ పనికి దివ్యంగా ఉంటాయి. ముందు క్యాబినెట్ మూత తీసి దుమ్ము దులపండి, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. ఏళ్ళు గడిచినదైతే దాన్ని మార్చండి. అది చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం వెనక్కి పోతుంది, సెట్టింగులు చెరిగిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం డిస్కు. కంప్యూటరు పాతదైనా ఫరవాలేదు, మాటలు దాచే డిస్కు మాత్రం కొత్తది కొనండి. ఖర్చంటూ పెట్టాల్సింది దాని మీదే. పాత డిస్కును సిస్టం ఎక్కించడానికి వాడుకోవచ్చు. అది కూడా ఎట్లా ఉందో చూసి. ప్రతి హార్డ్ డిస్కూ తన ఆరోగ్యాన్ని తనే రాసిపెట్టుకుంటుంది, దాన్ని స్మార్ట్ రిపోర్టు అంటారు. అందులో చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, చదవలేక ఆగివున్న సెక్టార్లు అని రెండు లెక్కలు ఉంటాయి. రెండూ సున్నా ఉండాలి. అంకె కనబడి, వారం వారం పెరుగుతా ఉంటే ఆ డిస్కుకు దండం పెట్టి తీసేయండి.

నిలబెట్టే తీరు

ఈ పనికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. ట్రూనాస్ పేరున్నది, కానీ దానికి కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. పాత కంప్యూటరుకు నేను చెప్పేది ఓపెన్‌మీడియావాల్ట్. డెబియన్ లినక్స్ మీద కట్టినది, తేలిక.

1. వేరే కంప్యూటర్లో ఓపెన్‌మీడియావాల్ట్ ఐఎస్ఓ ఫైలు దించుకుని, రూఫస్ లాంటి ప్రోగ్రాముతో పెన్‌డ్రైవుకు ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవులో ముందున్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ఖాళీది వాడండి.

2. పాత కంప్యూటరుకు సిస్టం డిస్కు ఒక్కటే తగిలించి ఉంచండి. డేటా డిస్కు కేబులు పీకేయండి. ఇన్‌స్టాలు చేసేటప్పుడు తప్పు డిస్కు ఎంచుకునే అవకాశమే ఉండదు. సిస్టం ఎక్కిన డిస్కు మొత్తం దానికే పోతుందని గుర్తుపెట్టుకోండి. డేటాకు వేరే డిస్కు ఉండాల్సిందే.

3. రౌటరు నుంచి నెట్‌వర్క్ కేబులు తగిలించి, పెన్‌డ్రైవుతో బూట్ చేసి, అడిగినవాటికి జవాబులిస్తూ పొండి. అయిపోయాక పెన్‌డ్రైవు తీసి, కంప్యూటరు ఆపి, డేటా డిస్కు తగిలించి మళ్ళీ వేయండి. తెర మీద 192.168.1.50 లాంటి అంకె కనిపిస్తుంది. ఇకమీదట ఆ కంప్యూటరుకు మానిటరు, కీబోర్డు అక్కర్లేదు.

4. ఆ అంకెను ఇంట్లో ఏ ఫోన్లోనైనా, లాప్‌టాప్‌లోనైనా బ్రౌజరులో కొట్టండి. సర్వరు పేజీ వస్తుంది. మొదట వచ్చే అడ్మిన్ పాస్‌వర్డు అందరికీ తెలిసినదే కాబట్టి లోపలికి పోయిన వెంటనే మార్చండి.

5. రౌటరు సెట్టింగుల్లో ఆ అంకెను ఈ కంప్యూటరుకే రిజర్వు చేయండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు అంకె మారిపోయి ‘సర్వరు కనబడలా’ అని ఇంట్లో అందరూ మీ మీద పడతారు.

6. స్టోరేజి భాగంలో కొత్త డిస్కు మీద ఎక్స్‌ట్ 4 ఫైల్ సిస్టం చేసి మౌంటు చేయండి. అదే చోట స్మార్ట్ పరీక్షలు కూడా ఆన్ చేయండి. తర్వాత షేర్డ్ ఫోల్డర్లు చేయండి. మా ఇంట్లో మూడే ఉన్నాయి: మూలప్రతులు, వినేవి, రాతలు.

7. సర్వీసుల్లో ఎస్ఎంబి ఆన్ చేసి, ఆ ఫోల్డర్లను దానికి కలపండి. ఏది మార్చినా పైన వచ్చే పసుపు పట్టీలో ఒప్పుకుంటేనే అమలవుతుంది. ఇక విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరరులో రెండు వెనకవాలు గీతలు పెట్టి ఆ అంకె కొడితే ఫోల్డర్లు కనిపిస్తాయి. ఫోన్లలో నెట్‌వర్క్ నిల్వను తెరిచే ఫైల్ మేనేజరు యాప్ ఉంటే సరి.

చివరగా బయోస్‌లో, కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు తనంతట తానే లేవాలా అనే సెట్టింగు ఉంటుంది. సర్వరును ఎప్పుడూ నడిపేవాళ్ళు దాన్ని ఆన్ చేసుకోండి. మా పల్లెల్లో కరెంటు ఎట్లా పోతుందో తెలిసిందే, చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే డిస్కుకు మంచిది.

కేబులు గురించి ఒక మాట. పాత మదర్‌బోర్డు నెట్‌వర్క్ పోర్టు 100 మెగాబిట్లదైతే సెకనుకు 11 ఎంబీ పోతుంది. వంద గంటల రికార్డింగు ఎక్కించడానికి గంటా ఇరవై నిమిషాలు. గిగాబిట్ పోర్టయితే డిస్కు వేగాన్ని బట్టి ఎనిమిది పది నిమిషాల్లో అయిపోతుంది. మొదటిసారి ఎక్కించేటప్పుడే ఈ తేడా తెలుస్తుంది. ఆ తర్వాత పాతదే చాలు.

ఫైలు పేరులోనే సగం పని

సర్వరు నిలబెట్టినంత మాత్రాన మాటలు దొరకవు. ‘రికార్డింగ్ 014’ అని ఉన్న ఫైలు ఉన్నా లేకున్నా ఒకటే. మా పద్ధతిలో తేదీ, ఊరు, మనిషి సంఖ్య, విషయం వరసగా ఉంటాయి: 2024-03-17_బాగలూరు_07_కపిల. ఏడో సంఖ్య ఎవరిదో వేరే నోటుబుక్కులో రాసివుంటుంది. పేరు ఫైలు మీద పెట్టకపోవడానికి కారణం కింద చెబుతాను.

తెలుగు లిపిలో పేరు పెట్టొచ్చు, నేను అదే చేస్తాను. కానీ ఒక కిటుకు తెలియాలి. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. గుణింతాలూ, వత్తుకు ముందొచ్చే పొల్లూ అన్నీ విడిగా లెక్కే. ‘హోసూరు’ మనకు మూడక్షరాలు, కంప్యూటరుకు ఆరు గుర్తులు, 18 బైట్లు. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాలు, దానికి ఏడు గుర్తులు, 21 బైట్లు. అంటే మొత్తం పేరులో 85 గుర్తులకు మించి పట్టవు. విండోస్‌లో బాగా ఉన్న పొడుగు పేరు సర్వరుకు ఎక్కించేటప్పుడు వద్దంటే కారణం ఇదే. పేర్లు పొట్టిగా పెట్టుకోండి.

ఇంకో తంటా, కంటికి కనబడని అక్షరం. ‘హోసూర్‌లో’ అని రాసేటప్పుడు ర్ కింద ల వత్తు పడకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో కనబడని గుర్తు ఒకటి పెడతాయి. ఒకే మాట ఒకరి ఫోన్లో ఆ గుర్తుతో, ఇంకొకరి ఫోన్లో అది లేకుండా పడితే, వెతికినప్పుడు ఒకటే దొరుకుతుంది. ఫైలు పేర్లలో పొల్లుతో ముగిసే మాటలు వాడకపోతే ఈ తంటా తప్పుతుంది. ‘హోసూరు’ అని నిండుగా రాయండి.

ప్రతి రికార్డింగు పక్కన అదే పేరుతో చిన్న రాతఫైలు పెట్టండి. మనిషి వయసు, కులవృత్తి, చదువు ఏ భాషలో, ఇంట్లో ఇంకా ఏ భాషలు మాట్లాడతారు అనేవి రాయండి. ఆడవాళ్ళ విషయంలో అత్తగారి ఊరు, పుట్టినూరు రెండూ తప్పక రాయాలి. మా ఊరికి కోడలుగా వచ్చిన ఒకామె మాటలో కుప్పం పక్క పలుకు ఉండాది. పుట్టినూరు రాయకపోతే రేపు ఎవరైనా దాన్ని మా ఊరి పలుకు అనుకుంటారు, చరిత్రే తప్పుతుంది.

జంట డిస్కులు ఉన్నాయి కదా అనొద్దు

రెండు డిస్కులు పెట్టి ఒకదానిలో పడింది రెండోదానిలోనూ పడేటట్టు చేయవచ్చు. దీన్ని రెయిడ్ మిర్రర్ అంటారు. ఒక డిస్కు చెడిపోతే రెండోది పని నడుపుతుంది. కానీ ఎవరైనా ఫోల్డరు చెరిపితే రెండింటిలోనూ ఒకేసారి చెరిగిపోతుంది. పిడుగు పడితే రెండూ ఒకేసారి కాలుతాయి. కాబట్టి అది నకలు కాదు.

అసలైన పద్ధతిని 3-2-1 అంటారు. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటి బయట. మాకు సర్వరులో ఒకటి, వారానికి ఒకసారి తగిలించి నకలు తీసి మళ్ళీ పీకేసే యూఎస్‌బీ డిస్కులో ఒకటి, బెంగుళూరులో మా చిన్నాన్న ఇంట్లో ఒకటి. పండగకు వచ్చిపోయేటప్పుడు ఆయన డిస్కు తెస్తాడు, కొత్తవి ఎక్కించి పంపుతాం. విత్తనాలు ఒకే గాదెలో పెట్టేవాళ్ళా మన పెద్దలు? పక్కింట్లోనో, బంధువులింట్లోనో కొన్ని ఉంచేవాళ్ళు.

నకలు తీసినంతలో అయిపోదు. మూడు నెలలకొకసారి ఆ డిస్కులో నుంచి ఏదో ఒక ఫైలు తెరిచి చివరిదాకా వినండి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే.

తాళం ఎవరి చేతిలో

మూలప్రతుల ఫోల్డర్లోకి రాసే హక్కు మా ఇంట్లో ఇద్దరికే ఉంది. మిగతా అందరూ వినొచ్చు, మార్చలేరు, చెరపలేరు. ఓపెన్‌మీడియావాల్ట్‌లో యూజర్లను చేసేటప్పుడే ఇది పెట్టుకోవచ్చు.

ఇంటి బయట నుంచి వినాలనే కోరికతో రౌటరులో ఎస్ఎంబి తలుపు ఇంటర్నెట్టుకు తెరవొద్దు. 2017లో ప్రపంచమంతా పాకిన వన్నాక్రై పాత ఎస్ఎంబిలోని లోపం పట్టుకునే పాకింది. దూరంలో ఉన్నవాళ్ళకు కావాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టండి, లేదా వినేవి ఫోల్డర్లోని నకళ్ళు విడిగా పంపండి.

ఇంకా పెద్ద సంగతి, పెద్దవాళ్ళ నమ్మకం. కపిల గురించి మొదలుపెట్టినాయన మాటల్లో పడి దాయాదుల గెట్టు తగాదా, కోడలి మీద కోపం, ఊర్లో పెద్దకులం చేసిన అన్యాయం అన్నీ చెబుతాడు. మాండలికం నిండుగా పలికేది కూడా అప్పుడే. ఆ మాటలు ఇంట్లో దాచుకోవడానికి ఒప్పుకున్నాడు గానీ లోకానికి వినిపించడానికి కాదు. అందుకే ఫైలు మీద పేరు పెట్టను. రాతఫైల్లో ‘బయటికి ఇవ్వొచ్చు’, ‘ఇంట్లోనే’, ‘అడిగి ఇవ్వాలి’ అని మూడింట్లో ఒకటి రాస్తాను. సర్వరు మన ఇంట్లో ఉంటే ఈ నిర్ణయమూ మన చేతిలోనే ఉంటుంది.

కరెంటు లెక్క

పాత డెస్క్‌టాప్ పనిలేకుండా ఉన్నప్పుడు కూడా సుమారు 50 వాట్లు తింటుంది. రాత్రింబవళ్ళు నడిపితే నెలకు 36 యూనిట్లు. పాత యంత్రంలో నిజమైన ఖర్చు ఇదే. మాకు ఎప్పుడూ నడపాల్సిన అవసరం లేదు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు వేస్తాం, ఆ వారం రికార్డింగులు ఎక్కిస్తాం, పేర్లు పెడతాం, నకలు తీస్తాం, ఆపేస్తాం. నెలకు ఒక యూనిట్ కూడా కాదు. పిల్లలు కూడా అదే సమయానికి వచ్చి కూర్చుంటారు. ‘తొండం అంటే ఏనుగుది కదా?’ అని మా తమ్ముడి కూతురు అడిగింది ఈ ఆదివారాల్లోనే.

షోలాపూరులో మగ్గం మాటలు, యానాంలో ఫ్రెంచివాళ్ళ కాలం చూసినవాళ్ళ మాటలు, పర్లాకిమిడిలో ఒడియాతో కలిసి నడిచిన తెలుగు, ఎవరి ఊరి సరుకు వాళ్ళ దగ్గర ఉంటుంది. సర్వరు పెట్టడానికి ఒక ఆదివారం చాలు. అంతకంటే ముందు ఈ వారంలోనే చేయదగ్గ పని ఒకటుంది. ఇంట్లో ఏ పెద్దవాళ్ళ గొంతు ఏ ఫోన్లో ఉందో కాగితం మీద రాయండి. ఒకే చోట ఉన్నది ఏదైనా కనిపిస్తే ఆ రోజే ఇంకొక చోటికి నకలు తీయండి. మిగతాది ఆదివారం చూసుకోవచ్చు.